గంట్ల సుంకమ్మ

ఊ కొట్టేవాళ్ళుంటేనే ఈ కథ కదులుతుంది. ఉన్నారా? అయితే వినండి.

కొండలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని కాలం. మీ తాతకు తాత, ఆ తాతకు తాత కూడా పుట్టని కాలం. ఎర్రరాళ్ళ సీమలో సుంకమ్మ అనే ఒకామె ఉండేది. ఆమెకు పొలం లేదు, పశువు లేదు, చుట్టూ ప్రహరీ ఉన్న ఇల్లు లేదు. ఒక సుత్తి ఉంది, ఒక ఉలి ఉంది, ఆ రెండూ వేసుకునే ఈతాకు బుట్ట ఉంది.

ఆమె పని తిరగళ్ళకు గంట్లు కొట్టడం. తిరగలి తిరిగి తిరిగి నున్నబడుతుంది. నున్నబడితే గింజ నలగదు, జారిపోతుంది. అప్పుడు ఉలితో రాతి మీద సన్నసన్నగా గంట్లు కొట్టాలి. సుంకమ్మ "రోళ్ళకు గంట్లేస్తామమ్మో, తిరగళ్ళకు గంట్లేస్తామమ్మో" అని కేకేసుకుంటూ ఊరూరూ తిరిగేది. ఎవరైనా పిలిస్తే వాకిట్లో కూర్చునేది. టక్, టక్, టక్. గంటు పక్కన గంటు, గంటు పక్కన గంటు. సాయంత్రానికి వాటి మీద పిండి పడేది, గంట్లు కనబడకుండా పోయేవి. ఆమె పనితనం చూసినవాళ్ళు లేరు. సంగటి మటుకు అందరూ తిన్నారు.

ఆమె మొగుడు తిప్పన్న. ఆ సీమను ఏలే పాలెగారి దండులో నీళ్ళు మోసేవాడు. యుద్ధమొస్తే మేకతోలు తిత్తి వీపున వేసుకుని, వాగుకూ దండుకూ మధ్య పరుగెత్తడమే అతని పని.

ఒక ఎండాకాలం పక్క సీమవాళ్ళు కనుమ మీదికి వచ్చారు. కనుమంటే రెండు కొండల నడుమ ఉండే దారి. అది పోతే సీమే పోతుంది. అందుకని మూడు రోజులు యుద్ధం జరిగింది. మొదటి రోజు తిప్పన్న తిరిగొచ్చాడు. రెండో రోజు తిరిగొచ్చాడు. మూడో రోజు తిత్తి ఒక్కటే తిరిగొచ్చింది.

పాలెగారు గెలిచాడు. చచ్చిపోయిన వీరుల కోసం కనుమ దారి పక్కన రాళ్ళు నిలబెట్టించాడు. వాటిని చెక్కినవాడు పాపోజు, ఆ సీమలో అంతటి శిల్పి లేడు. ప్రతి రాతి మీదా గుర్రం, గుర్రం మీద వీరుడు, వీరుడి చేతిలో కత్తి, పైన అతన్ని స్వర్గానికి తోడుకుపోయే దేవకన్యలు. మొత్తం పదకొండు రాళ్ళు.

సుంకమ్మ పదకొండు రాళ్ళూ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. చివరిదాకా చూసింది. మళ్ళీ మొదటి నుంచి చూసింది. తిప్పన్న లేడు.

ఆమె పాపోజు దగ్గరికి పోయింది.

"అన్నా, మా తిప్పన్న రాయి ఏది?"

"మీ ఆయనకు గుర్రముండెనా?"

"లేదన్నా."

"కత్తుండెనా?"

"లేదన్నా."

"మరి ఏముండె?"

"నీళ్ళు."

పాపోజు ఉలి దించి ఆమె వంక చూశాడు. "నీళ్ళు మోసేవాణ్ణి చెక్కే పద్ధతి మా నాయన నాకు నేర్పలేదు తల్లీ. నాకు వచ్చింది గుర్రం, కత్తి. నువ్వు పోయి దళవాయిని అడుగు."

దండు మొత్తానికి పెద్ద దళవాయి. సుంకమ్మ ఆయన దగ్గరికి పోయింది. ఆయనా అదే అడిగాడు. గుర్రముండెనా? లేదు సామీ. కత్తుండెనా? లేదు సామీ. మరి ఏముండె? నీళ్ళు సామీ.

"చచ్చినోళ్ళందరికీ రాళ్ళు పాతితే కనుమలో నడిచేదానికి దారి మిగలదు. పో," అన్నాడు దళవాయి.

ఆమె పాలెగారి కచేరీకి పోయింది. అక్కడా అదే. గుర్రముండెనా? లేదు. కత్తుండెనా? లేదు. మరి ఏముండె? నీళ్ళు.

పాలెగారు మెత్తగానే చెప్పాడు. "ఇదిగో అమ్మా, ఈ పొద్దు నీళ్ళు మోసినోనికి రాయి పెడితే, రేపు గడ్డి కోసినోని పెండ్లాం వస్తాది. ఎల్లుండి వంట చేసినోని తల్లి వస్తాది."

"రానీ సామీ. వాళ్ళ మనుషులూ చచ్చిపోయినారు కదా."

పాలెగారి మొహం మారింది. "నా శిల్పి కొట్టడు," అన్నాడు.

"సరే సామీ. నేనే కొట్టుకుంటా."

అప్పుడందరూ పగలబడి నవ్వారు. తిరగళ్ళకు గంట్లు కొట్టే మనిషి బొమ్మ చెక్కుతుందట! పాలెగారు కూడా నవ్వి, "కొట్టుకో, కొట్టుకో," అన్నాడు. సుంకమ్మ నవ్వలేదు. దణ్ణం పెట్టి బయటికి వచ్చింది.

కొండ కింద, పనికిరాదని వదిలేసిన బండలు ఉండేవి. అందులో తన ఎత్తు బండ ఒకటి చూసుకుంది. పొద్దున ఊళ్ళో తిరగలి పని, మధ్యాహ్నం నుంచి బండ పని. పాపోజు ఎట్లా చెక్కుతాడో అట్లాగే లోతుగా తవ్వబోయింది. భుజం దగ్గరికి వచ్చేసరికి ఠప్పున రాయి నిలువునా చీలింది. మూడు నెలల పని రెండు ముక్కలై పడింది.

సుంకమ్మ ఆ పూట అన్నం తినలేదు. మరునాడు ఇంకో బండ చూసుకుంది.

ఈసారి తవ్వలేదు, గీతలు గీసింది. కనుమలో ఉన్న వీరుల మొహాలను చూసొచ్చి, ఆ ముక్కు, ఆ మీసం, ఆ కళ్ళు అట్లాగే గీసింది. ఐదు నెలలు పట్టింది. అయిపోయాక వెనక్కి జరిగి చూసింది. ఎవరో మగవాడు. చక్కగానే ఉన్నాడు. కానీ ఎవరో.

"ఇతను నా మొగుడు కాదు," అనుకుంది. కళ్ళు మూసుకుని తిప్పన్న మొహాన్ని తలుచుకుంది. మొహం రాలేదు. ముక్కు ఎట్లా ఉండేదో గుర్తు రాలేదు. మీసం ఎంతుండేదో గుర్తు రాలేదు. ఏడాది తిరక్కుండానే మొహం పోయింది. బండను పట్టుకుని ఆ రోజు ఏడ్చింది. యుద్ధంలో పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

ఏడ్చినా, తెల్లారాక తిరగళ్ళకు పోవాలి కదా. పోయింది. ఒక ఇంట్లో పని ముగించి దాహమడిగింది. ఆ ఇంటి ముసలమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, వంగి దోసిట్లో పోస్తూ, మొహం పక్కకు తిప్పుకుంది.

సుంకమ్మ దోసిలి అట్లాగే ఆగిపోయింది. నీళ్ళు మోచేతుల మీదుగా కారిపోయాయి.

"ఏం తల్లీ, తాగవే?" అంది ముసలమ్మ.

"అవ్వా, అట్లా ఎందుకు మొహం తిప్పుకున్నావు?"

"తాగే మనిషిని చూస్తే సిగ్గుపడి సగమే తాగుతారు గదమ్మా."

తిప్పన్నా అంతే. ఎవరికి నీళ్ళు పోసినా ఎడమ మోకాలు నేలకు ఆనించి, తిత్తి మూతి రెండు చేతులతో వంచి, తల అటు తిప్పుకునేవాడు. పెళ్ళయిన కొత్తలో ఆమెకు పోసినప్పుడూ అంతే. ఆమెకు మొహం గుర్తు లేకపోవడానికి ఇదీ ఒక కారణమేమో. నీళ్ళిచ్చే వేళ ఆ మొహం ఎప్పుడూ అటే ఉండేది.

సుంకమ్మ కడుపునిండా తాగింది. లేచి నేరుగా కొండకు పోయింది. మూడో బండ చూసుకుంది.

ఈసారి పాపోజు చెక్కినట్టు తవ్వలేదు. పాపోజు చేసిన వీరుల్ని చూసి గీయలేదు. తనకు ఏది వచ్చో అది చేసింది. టక్, టక్, టక్. గంటు పక్కన గంటు, గంటు పక్కన గంటు. వంగిన మోకాలికి గంట్లు. నిండు తిత్తికి గంట్లు. అటు తిరిగిన తలకు గంట్లు. దూరం నుంచి చూస్తే మనిషి, దగ్గరికి వస్తే గంట్లే.

ఎండలు పోయి వానలొచ్చాయి. వానలు పోయి చలొచ్చింది. ఒకరోజు రాతి పెచ్చు ఎగిరి ఎడమ కంట్లో తగిలింది. మూడు రోజులు కట్టు కట్టుకుని పడుకుంది. నాలుగో రోజు కట్టుతోనే వచ్చి కూర్చుంది. ఆ కంటికి మళ్ళీ చూపు రాలేదు.

"ఇంక చాలించు సుంకమ్మా," అన్నారు ఊరి ఆడవాళ్ళు.

"ఇంకో కన్నుంది కదా," అంది.

ఒక మధ్యాహ్నం పాపోజు అటు వచ్చాడు. చాలాసేపు వెనక నిలబడి చూశాడు.

"ఒక్క గీత కూడా లేదే," అన్నాడు చివరికి.

"గీత నాకు రాదన్నా. గంటే వచ్చు."

పాపోజు ఆమె ఉలి తీసుకుని మొన మీద వేలు పెట్టి చూశాడు. అరిగి మొద్దుబారిపోయింది. తన నడుముకున్న మంచి ఉలి తీసి ఆ బుట్టలో పడేసి పోయాడు.

రెండేళ్ళకు రాయి పూర్తయింది. గడ్డి కోసినవాడి భార్య, వంటవాడి తల్లి, డోలు కొట్టినవాడి చెల్లెలు వచ్చి చేతులు కలిపారు. కింద దుంగలు వేసి, మోకులు కట్టి, నలుగురూ ఆ రాతిని కనుమదాకా లాక్కుపోయారు. పదకొండు రాళ్ళ పక్కన పన్నెండోదిగా నిలబెట్టారు.

దళవాయి గుర్రం మీద పోతూ చూశాడు. దొరల పక్కన నీళ్ళు మోసేవాడా! కోపంతో ఊగిపోయాడు. "ముగ్గురు పోయి దాన్ని పిండి చేసి రండి," అన్నాడు.

ముగ్గురు బంట్లు సమ్మెటలు భుజాన పెట్టుకుని వచ్చారు. సుంకమ్మ రాతికి ఆనుకుని కూర్చుని ఉంది.

"లే అమ్మా. దళవాయి హుకుం."

"లేస్తా నాయనా. నేను చేతకానిదాన్ని, మిమ్మల్ని ఆపలేను. కొట్టేముందు ఒక్కసారి చూసి కొట్టండి," అని లేచి పక్కకు నిలబడింది.

మొదటివాడు సమ్మెట ఎత్తాడు. ఎత్తిన సమ్మెట ఎత్తినట్టే ఉంది. మెల్లగా దించాడు. "నేను కాలికి దెబ్బ తగిలి పడుంటే, ఈయన ఇట్లనే మోకాలేసి పోసినాడు," అన్నాడు.

రెండోవాడు సమ్మెట ఎత్తనే లేదు. "నేను మూడుసార్లు తాగినా. ఒక్కసారీ నా దిక్కు చూళ్ళేదు. పొగరనుకున్నా," అన్నాడు. అని తల దించుకున్నాడు.

మూడోవాడు సమ్మెట కింద పడేసి, రాతి ముందు కూలబడ్డాడు. సుంకమ్మ అతని దగ్గరికి పోయి వంగి అడిగింది. "నీకూ నీళ్ళిచ్చినాడా నాయనా?"

"లేదమ్మా. ఇయ్యలేదు. మూడో రోజు నేను దాహం, దాహం అని అరిచినా. ఈయన విన్నాడు. బాణాలు పడతాన్నా ఆగలేదు. నా దిక్కే వస్తా వస్తా, పది అడుగుల్లో పడిపోయినాడు."

సుంకమ్మ అతని తల మీద చేయి వేసింది. చాలాసేపు ఆ చేయి తీయలేదు.

ముగ్గురూ కోటకు పోయి సమ్మెటలు పాలెగారి ముందు పెట్టారు. "మా తల తీసినా సరే సామీ, మా చేతులతో కాదు," అన్నారు. దళవాయి కత్తి దూయబోతే పాలెగారు చేత్తో ఆపాడు. గుర్రమెక్కి కనుమకు వచ్చాడు. రాతి ముందు దిగాడు.

"ఆ మూడు రోజుల్లో నేనూ ఎన్నోసార్లు నీళ్ళు తాగినా. నాకూ ఈయనే ఇచ్చినాడా?" అని అడిగాడు.

"తెలీదు సామీ. ఇచ్చింటే మీ మొహం చూసుండడు. మీరు ఆయన మొహం చూసినారా?"

పాలెగారు గుర్రం ఎక్కకుండా, పగ్గం పట్టుకుని నడుచుకుంటూ వెనక్కి పోయాడు. రాయి నిలిచింది.

మరునాడే గడ్డి కోసినవాడి భార్య వచ్చింది. ఆ తర్వాత వంటవాడి తల్లి వచ్చింది. ఆ తర్వాత డోలు కొట్టినవాడి చెల్లెలు వచ్చింది. సుంకమ్మ ఎవరినీ "ఎట్లుండె?" అని అడగలేదు. "ఏం చేస్తాండె?" అని అడిగింది. పిడికెడు గడ్డిని ముందు గుర్రానికి వాసన చూపించేవాడట ఒకడు. ఉప్పు చూసి, నాలుక చప్పరించి, ఒక కన్ను మూసేవాడట ఇంకొకడు. దెబ్బ వేసేముందు డోలును చెవికి ఆనించుకునేవాడట మరొకడు. అట్లాగే కొట్టింది. బతికినన్నాళ్ళూ కొట్టింది. కనుమకు ఒక పక్క నిండి, రెండో పక్క మొదలైంది. దళవాయి అన్నట్టు దారేమీ మూసుకుపోలేదు.

సుంకమ్మ పోయిన రోజు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు వచ్చారు. ఆమెకు రాయి నిలపాలి. కొట్టేదెవరు? పాపోజు అప్పటికే పోయాడు. మిగతావాళ్ళకు గంటు కొట్టడం రాదు. అప్పుడు, సుంకమ్మకు దోసిట నీళ్ళు పోసిన ముసలమ్మ మనవరాలు ఉలి అందుకుంది. కనుమ మొదట్లో పెద్ద బండ మీద ఒకే ఒక్క గంటు కొట్టింది. ఉలి పక్కామెకు ఇచ్చింది. ఆమె ఒకటి కొట్టి పక్కామెకు ఇచ్చింది. పొద్దు వాలేదాకా ఉలి చేతులు మారుతూనే ఉంది. ఆ బండ మీద బొమ్మ లేదు. మోకాలు లేదు, తల లేదు. ఉన్నవన్నీ గంట్లే.

ఆ సీమలో ఇప్పటికీ ఆ వాడుక ఉంది. కొత్త తిరగలి ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు ముందు ఆ బండ మీద గంటు కొట్టి వస్తారు. ఈ మధ్య పట్నాల నుంచి బొమ్మలు వేసేవాళ్ళు కూడా వస్తున్నారు. గోడల మీద రంగులేసేవాళ్ళు, మట్టితో చేసేవాళ్ళు, ఇనుప ముక్కలు అతికి మనుషుల్ని చేసేవాళ్ళు. కొత్త పని మొదలుపెట్టేముందు ఒక రోజు కనుమలో తిరుగుతారు. ఆ గంట్లను వేళ్ళతో తడుముతారు. వాళ్ళకు ఉలి అందించడానికి ఊరామె ఎవరో ఒకరు అక్కడ ఉంటారు. అందించేముందు ఆమె ఒక మాట అడుగుతుంది.

"ఎవరిని చేస్తాండావు నాయనా?"

వాళ్ళు పేరు చెబుతారు.

"పేరు కాదు. ఏం చేస్తాండె?"

అది చెప్పగలిగినవాళ్ళకు ఉలి ఇస్తుంది. చెప్పలేనివాళ్ళు ఆ బండ పక్కన గట్టు మీద కూర్చుని గుర్తు తెచ్చుకుంటారు. కొందరు పొద్దున వచ్చి సాయంత్రందాకా కూర్చుంటారట. తొందరేం లేదంటుంది ఊరామె. చెంబుతో నీళ్ళు తెచ్చి పోస్తుంది, అటు తిరిగి.