కుండలో నీళ్ళు నోరెత్తిన వైనం

ఒకప్పుడు కుండలో నీళ్ళకి నోరు లేదు.

ఏట్లో పారే నీళ్ళు గలగలమనేవి. కొండ మీంచి దూకే నీళ్ళు హోరుమనేవి. వాన చిటపటమనేది. అవి బయట తిరిగే నీళ్ళు, వాటి గోల వాటిది. కానీ ఒక్కసారి కుండలోకి వచ్చాయా, ఇక కిక్కురుమనేవి కావు. చల్లగా ఉన్నా అంతే, పొయ్యి మీద ఒళ్ళు కాలిపోతున్నా అంతే. బుడగ లేదు, చప్పుడు లేదు, ఆవిరి లేదు.

అది సముద్రుడు పెట్టిన కట్టుబాటు. సముద్రుడు నీళ్ళన్నిటికీ తండ్రి. ఆయన మాత్రం పొద్దస్తమానం ఒడ్డుకొచ్చి అరుస్తూనే ఉంటాడు. ఆయన్ని అడిగేవాళ్ళు లేరు. కూతుళ్ళకి మాత్రం సుద్దులు చెప్పేవాడు.

"కుండలోకి వెళ్ళిన నీళ్ళు కాపురానికి వెళ్ళిన పిల్లలతో సమానం. కాలినా కాగినా గుట్టుగా ఉండాలి. ఇంట్లో నోరెత్తినవాళ్ళు మళ్ళీ నా గడప తొక్కక్కర్లేదు."

"మరి మీరు అరుస్తారుగా నాన్నా" అని ఒక చిన్న వాగు అడిగింది.

"నేను అరవడం లేదు. గంభీరంగా మాట్లాడుతున్నాను" అన్నాడు సముద్రుడు.

నీళ్ళు తలొంచుకుని కుండల్లోకి వెళ్ళేవి.

ఈ నోరులేనితనం వల్ల బాగుపడినవాళ్ళు కొందరున్నారు. వాళ్ళు నలుసుగాళ్ళు. కంటికి ఆనని పురుగులు. పశువులు తొక్కిన రేవులోనూ, కడుక్కోని చేతులు మునిగిన చెంబులోనూ చేరి, అక్కణ్ణుంచి కుండలోకి వచ్చేవాళ్ళు. కుండలోంచి కడుపులోకి. కడుపులో చేరాక వాళ్ళదే రాజ్యం. విరేచనాలు, వాంతులు, మెలిపెట్టే నొప్పి.

మనుషులకి వాళ్ళు కనపడరు. నీళ్ళకి కనపడతారు. కానీ నీళ్ళు చెప్పవు.

"మీ మరుగున చల్లగా బతికిపోతున్నాం వదినలూ" అని నలుసుగాళ్ళు నీళ్ళని ఆటపట్టించేవాళ్ళు. "మీ నాన్నగారు నిండు నూరేళ్ళు ఉండాలి."

నీళ్ళకి పళ్ళు లేవు గాని, ఉంటే కొరికేవి.

ఆ రోజుల్లో ఏటి ఒడ్డున పైడమ్మ అనే ఆవిడ ఉండేది. ఆమెకి అప్పలకొండ అని ఒక్కతే కూతురు. పాలపళ్ళు ఇంకా ఊడని పిల్ల. ఒకనాడు పొద్దున్నే లేచి కడుపు పట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది. వచ్చి కూర్చుందో లేదో మళ్ళీ పరిగెత్తింది. ఎండ ఎక్కేసరికి పరిగెత్తే ఓపిక కూడా పోయింది. కోసి పక్కన పడేసిన తోటకూర కాడలా చాప మీద వాలిపోయింది.

కొండ అవతల సూరవ్వ అనే మందుల ముసలమ్మ ఉంది. పిల్లని ఒంటరిగా వదిలి పైడమ్మ వెళ్ళలేదు. అందుకని చూరు మీద కూర్చున్న గోరింకని పంపింది.

గోరింక ఎవరి గొంతైనా అచ్చు దింపుతుంది. దాని తెలివి అక్కడితో ఆగితే బాగుండేది. విన్న మాటని తన సొంత మాటల్లో చెప్పడం దానికి సరదా.

వెళ్ళింది. వచ్చింది. చూరు మీద వాలి ముక్కు తుడుచుకుంది.

"అవ్వ ఏమందే?" అంది పైడమ్మ.

"ఏముందక్కా, నీళ్ళు మరుగున పెట్టమంది. ఉప్పు, బెల్లం అని కూడా ఏదో అంది. అది వాళ్ళింట్లో వంట సంగతి అనుకుంటా."

"మరుగునా? పిల్ల దాహం దాహం అంటుంటే నీళ్ళు దాచెయ్యమందా?"

"ఆలోచించు అక్కా. లోపలికి పోసిన నీళ్ళేగా బయటికి పోతున్నాయి. పొయ్యకపోతే పోవు. అవ్వ బుర్రే బుర్ర."

వినడానికి ఆ మాట సబబుగానే ఉంది. తప్పుడు సలహాలకి ఉండే గుణమే అది. పైడమ్మ కుండ ఎత్తుకెళ్ళి గాదె వెనక, పిల్ల కంటపడకుండా పెట్టింది. పైన గోనె కప్పింది.

"అమ్మా, నీళ్ళు" అంది అప్పలకొండ.

"వద్దమ్మా. అవ్వ వద్దంది."

"అవ్వకి దాహం వెయ్యదా?"

పైడమ్మ విసనకర్ర అందుకుని పిల్లకి విసురుతూ కూర్చుంది.

పొద్దు వాలేసరికి పిల్ల పెదాలు ఎండి పగిలాయి. కళ్ళు లోపలికి పోయాయి. ఏడుస్తోంది గాని చెంపల మీద తడి లేదు. పైడమ్మ దాని పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలింది. వదిలినా ఆ ముడత వెంటనే పోలేదు. బట్ట నలిగినట్టు అలాగే నిలబడింది.

గాదె వెనక కుండలో నీళ్ళు అన్నీ వింటున్నాయి.

"పిల్ల మమ్మల్నే అడుగుతోంది" అని మనుషులకి వినపడకుండా తమలో తాము అనుకున్నాయి.

"అడగనివ్వండి" అన్నాడు నలుసుగాళ్ళ పెద్ద. "మీరు గుట్టు గల ఆడపిల్లలు కదా. మీకెందుకు ఊళ్ళో గొడవలు?"

ఇక్కడ పైడమ్మ లేచి కొంగు నడుముకి బిగించింది.

"ఒసేయ్ గోరింకా, ఇటు రా. ఎండిపోయే మొక్కకి నీళ్ళు ఆపెయ్యమని బుద్ధున్న మనిషి ఎవరూ చెప్పరు. నా పిల్లకి మాత్రం ఎందుకు చెబుతుంది? నువ్వు చెప్పింది నేను నమ్మను. నీ సొంత మాటలు నాకొద్దు. అవ్వ గొంతు దింపు."

"అంత నమ్మకం లేకపోతే ఎట్లా అక్కా."

"దింపుతావా, చీపురు తియ్యమంటావా?"

గోరింక మెడ వంచింది. ముందు సూరవ్వలా దగ్గింది. ఆ తర్వాత సూరవ్వ గొంతుతోనే మొదలుపెట్టింది.

"ఒసే పైడీ, ముందు చేతులు కడుక్కో. నీళ్ళు మరగబెట్టు. చల్లార్చు. చెంబుడు నీళ్ళకి మూడువేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం వేసి కలుపు. నాలిక మీద వేసుకుని చూడు, కన్నీళ్ళ కంటే ఉప్పగా ఉండకూడదు. గుక్క గుక్కగా పడుతూ ఉండు. కక్కితే కాసేపు ఆగి మళ్ళీ పట్టు. విరేచనం అయినప్పుడల్లా పట్టు. ఒంట్లోంచి పోయిన నీళ్ళు ఒంట్లోకి రావాలి. నీళ్ళు ఆపావో, పిల్ల దక్కదు. ఈ పిట్ట చెప్పింది చెప్పినట్టు చెబుతుందో లేదో, దీని వాలకం నాకు నచ్చలేదు."

చివరికి వచ్చేసరికి గోరింక గొంతు సన్నబడింది.

"మరగబెట్టు" అంది పైడమ్మ. "మరుగున పెట్టు కాదు."

"రెండూ ఒక్కలాగే వినపడ్డాయక్కా."

"ఇంక నోరు ముయ్."

పైడమ్మ కుంకుడు నురగతో చేతులు రుద్ది కడుక్కుంది. గోనె లాగి పారేసి, కుండ తెచ్చి పొయ్యెక్కించింది. మంట ఎగదోసింది.

మరగడం అంటే బాగా కాగడమని ఆమెకి తెలుసు. కానీ బాగా అంటే ఎంత? నీళ్ళని చూస్తే తెలిసేది కాదు. పొయ్యెక్కేటప్పుడు ఎలా ఉన్నాయో కాగుతున్నప్పుడూ అలాగే ఉన్నాయి. వేలు ముంచి చూసింది. చురుక్కుమంది. అయిందనుకుని చెంబుడు నీళ్ళు తీసింది.

అవలేదు. నలుసుగాళ్ళు వేన్నీళ్ళ స్నానం చేసి ఒళ్ళు విరుచుకుంటున్నారు.

"వీపు కూడా రుద్దుతారా వదినలూ" అన్నాడు వాళ్ళ పెద్ద.

పైడమ్మ ఆ నీళ్ళు చల్లార్చి, ఉప్పు, బెల్లం కలిపి పిల్లకి పట్టింది. గుక్కెడు దిగింది. దాంతోపాటు కొత్త నలుసుగాళ్ళూ దిగారు. కాసేపటికి పిల్ల మెలితిరిగిపోయి ఉన్నదంతా కక్కేసింది.

పైడమ్మ చెంబులో మిగిలింది పారబోసి మళ్ళీ పొయ్యి ముందు కూర్చుంది.

"నిప్పన్నా, నువ్వైనా చెప్పు. ఇవి ఎప్పుడు మరుగుతాయి?"

"మండటం ఒక్కటే నా పని" అంది నిప్పు. "కుండ లోపల ఏం జరుగుతోందో నాకు కనపడదు. వాళ్ళనే అడుగు."

"వాళ్ళు మాట్లాడరుగా."

"మాట్లాడరు. మంచి కుటుంబం వాళ్ళు."

పైడమ్మ కుండలోకి వంగి చూసింది. అద్దంలా ఉన్నాయి నీళ్ళు. ఆమె మొహమే ఆమెకి కనపడింది.

"మీ కట్టుబాట్లు మీకుంటే ఉండనీ" అంది ఆ నీళ్ళతో. "నా పిల్ల మీ కుండ ముందే పోయేట్టుంది. ఒక్క మాట చెప్పండి. అయిందా, అవలేదా?"

నీళ్ళు పలకలేదు.

అప్పటిదాకా చాప మీంచి "నీళ్ళు, నీళ్ళు" అని సన్నగా వినిపిస్తున్న మాట ఆగిపోయింది. దాహం తీరి కాదు. అడిగే ఓపిక లేక.

ఆ నిశ్శబ్దం నీళ్ళకి వినపడింది.

పై నీళ్ళు కింది నీళ్ళతో అన్నాయి. "నోరెత్తితే మనకి పుట్టిల్లు లేదు."

కింది నీళ్ళు మంటకి దగ్గరగా ఉన్నాయి. వాటికి ఓర్పు అయిపోయింది. "నోరెత్తకపోతే వీళ్ళకి పిల్ల లేదు. ఏది పెద్ద?"

"నాన్న గుట్టుగా ఉండమన్నాడు."

"ఎవరి గుట్టు? మనం ఇన్నాళ్ళూ దాచింది మన గుట్టా? ఈ నలుసుగాళ్ళని."

నలుసుగాళ్ళకి అప్పటికే వేడి తెలుస్తోంది. పెద్దనలుసు నుదురు తుడుచుకున్నాడు.

"వదినలూ, మంట కాస్త ఎక్కువైంది. అయినా మీకెందుకీ ఆవేశం? మీ నాన్నగారికి తెలిస్తే బాగుండదు. మేమే చెబుతాం."

"చెప్పండి" అన్నాయి నీళ్ళు. "అప్పటికి మీరుంటే."

అదే సమయానికి పైడమ్మ మళ్ళీ వేలు ముంచింది. ఈసారి వేలు బొబ్బెక్కినంత పనైంది. ఇంక చాలనుకుని, రెండు చేతులా గుడ్డ పట్టుకుని కుండ దించబోయింది.

కుండ అడుగు నుంచి ఒక బుడగ లేచింది. పైకి వచ్చి పగిలింది.

"దించకు."

పైడమ్మ చేతులు అక్కడే ఆగిపోయాయి.

ఇంకో బుడగ. "ఇంకా బతికే ఉన్నారు." ఇంకో బుడగ. "మంట పెంచు."

పైడమ్మ ఉన్న కట్టెలన్నీ పొయ్యిలోకి తోసింది. నిప్పు చేతనైనంత మండింది. అడుగు నుంచి ఒకటి కాదు, వందలు లేచాయి బుడగలు. ఏళ్ళ తరబడి మింగిన మాటలన్నీ ఒక్కసారే పైకి వచ్చాయి. కుతకుత, గుడగుడ, కుతకుత. కుండ కదిలిపోయింది. పై నీళ్ళు కిందికి, కింది నీళ్ళు పైకి, మాట్లాడని నీళ్ళు ఒక్కటి లేవు. నలుసుగాళ్ళు మూలకి పరిగెడదామంటే కుండకి మూల లేదు. వదినలూ అని పిలవడానికి కూడా ఒక్కడు మిగల్లేదు.

"ఇప్పుడు దించు" అన్నాయి నీళ్ళు.

అరిచిన అరుపుకి కొన్ని నీళ్ళు ముక్కలై, తెల్లగా ఆవిరై, పైకి లేచిపోయాయి. కట్టుబాటు దాటినవాళ్ళకి ఇల్లు లేదు గదా. చూరు సందులోంచి బయటికి నడిచాయి. ఒక్కటీ వెనక్కి చూడలేదు.

పైడమ్మ ఆ మరిగిన నీళ్ళతోనే చెంబూ గరిటా తొలిచి, కుండ మీద శుభ్రమైన గుడ్డ కప్పి చల్లార్చింది. చెయ్యి ముంచకుండా పిడి గరిటెతో చెంబులోకి తీసుకుని, ఉప్పు, బెల్లం కలిపి పిల్ల నోటికి ఆనించింది. ఒక గుక్క. ఆగింది. ఇంకో గుక్క. ఈసారి పిల్ల కక్కలేదు. చెంబు అయిపోయి, మరో చెంబు సగానికి వచ్చాక అప్పలకొండ ఏడుపు మొదలుపెట్టింది. చెంపల మీదికి బొట్లు బొట్లుగా జారాయి కన్నీళ్ళు.

"ఎందుకే ఏడుపు?" అంది పైడమ్మ.

"ఇది చప్పగా ఉంది. బెల్లం ఇంకా వెయ్యి."

"వెయ్యను. తాగు" అంది పైడమ్మ. ఆ కన్నీళ్ళు మాత్రం తుడవలేదు. కాసేపు చూస్తూ కూర్చుంది.

బయట ఆవిరి గాలిలో తిరుగుతోంది. గాలి కబుర్లు మోసే రకం. సముద్రుడికి క్షణంలో తెలిసిపోయింది.

"ఎవరది ఇంట్లో నోరెత్తింది?" అన్నాడు ఆయన.

"మేమే" అంది ఆవిరి.

"తప్పయిందని చెప్పండి. ఈసారికి క్షమిస్తాను."

"తప్పు కాలేదు నాన్నా. పిల్ల బతికింది."

"కుటుంబం పరువు ఏం కావాలి?"

"అది మీరే చూసుకోండి. రేపు ఇంకో ఇంట్లో కుండెక్కుతాం. అక్కడా అరుస్తాం."

"అయితే నా గడప తొక్కకండి."

"తొక్కం" అంది ఆవిరి.

తొక్కలేదు కూడా. పైపైకి వెళ్ళి మబ్బు కట్టింది. ఊళ్ళన్నీ తిరిగింది. ఇంటి మీద బెంగ పుట్టినప్పుడు నేరుగా సముద్రుడి నడినెత్తి మీద వానై కురిసింది.

"ఏమర్రా, రావద్దన్నానుగా" అన్నాడు సముద్రుడు.

"గడపలోంచి రాలేదు నాన్నా. కప్పు మీంచి వచ్చాం."

సముద్రుడు చాలాసేపు గంభీరంగా మాట్లాడాడు. ఎవరూ వినలేదు.

అప్పటినుంచే పొయ్యి మీద నీళ్ళు ముందు అడుగున సన్నగా గొణుగుతాయి. తర్వాత బుడగలు వేస్తాయి. నలుసుగాళ్ళలో ఒక్కడూ మిగలని వేడి వచ్చేసరికి గొంతెత్తి కుతకుతమంటాయి. అరిచిన ప్రతిసారీ కొన్ని ఆవిరై పోతాయి, అయినా అరవడం మానవు. నోరు ముయ్యమని పైన మూత పెట్టి చూడండి. మూతనే ఎగరేస్తాయి.