పల్లకి ఎక్కిన యాస

ఒకానొక రాజ్యంలో, ఎవరైనా నోరు తెరిస్తే ఏం చెబుతున్నారో వదిలేసి ఎలా పలుకుతున్నారో వినే రాజు ఒకడుండేవాడు. రాజ్యం పేరు చంద్రగట్టు. రాజు పేరు రణమార్తాండుడు. ఆయన ఏనాడూ యుద్ధం చేసి ఎరగడు గానీ, పేరులోనైనా రణం ఉండాలని వాళ్ళ నాన్న ముచ్చటపడి పెట్టుకున్నాడు.

చంద్రగట్టు వాళ్ళు మాటను టక్కున తుంచినట్టు పలుకుతారు. అదే అసలైన పలుకు అని, మిగతా లోకమంతా నాలుక తిరగక అవస్థ పడుతోందని రాజుగారి నమ్మకం. ఆ నమ్మకానికి రోజూ నీళ్ళు పోసి పెంచేవాడు ఆస్థాన పండితుడు గుండయభట్టు. కొలువులో పని కావాలన్న ప్రతివారికీ ఆయన నాలుక పరీక్ష పెట్టేవాడు. వంటవాడికీ పరీక్షే, గుర్రాలకు గడ్డి వేసేవాడికీ పరీక్షే. గుర్రాలకు లేని పట్టింపు భట్టుగారికి ఉండేది.

ఆడవాళ్ళకు ఇంకో ముచ్చట కూడా ఉంది. నిండు సభలో ఆడదాని ముఖం కనబడకూడదట. అందుకని ఒక పక్కన మందపాటి తెర కట్టారు. రాణీవాసం దాని వెనక కూర్చునేది. పని అడగడానికి వచ్చిన ఆడవాళ్ళు కూడా ఆ తెర వెనక నిలబడే మాట్లాడాలి. సభకు వినిపించేది గొంతు ఒక్కటే.

ఆ ఏడు పట్టమహిషి హైమావతి పట్టుబట్టి కోటలో ఆడపిల్లలకు బడి పెట్టించింది. బడికి పంతులమ్మ కావాలని వీధివీధినా దండోరా వేశారు.

ఆ దండోరా విని ఎగిరి గంతేసింది పగడాలు. ఆమెది సముద్రం నడుమ ముత్యాలదీవి. మొగుడు పోయాక తల్లిని వెంటబెట్టుకుని చంద్రగట్టు చేరింది. కోట వీధిలో చెంగమ్మ పూటకూళ్ళ ఇంట్లో ఉంటోంది. ఆమె పద్యం చెబుతున్నా లెక్క చెబుతున్నా వీధిలో పిల్లలు ఆటలు మాని చుట్టూ చేరేవారు.

దీవి వాళ్ళకు మాట చివర సాగదీయడం అలవాటు. పడవ మీంచి పడవకు కేకేస్తే సముద్రపు గాలి చివరి ముక్కను ఎత్తుకుపోతుంది. అది పోకుండా వాళ్ళు తరతరాలుగా దాన్ని పట్టుకుని సాగదీస్తూ వచ్చారు. పగడాలు గట్టు మీదికి వచ్చినా మాట మాత్రం పడవలోనే ఉండిపోయింది.

చంద్రగట్టులో ఓ కట్టుబాటు ఉంది. పని దొరకని పరదేశి దసరా లోపు కోట దాటి వెళ్ళిపోవాలి. వెళితే పగడాలు చేరాల్సింది బావగారి ఇల్లు. అక్కడ ఆమె కోసం రుబ్బురోలు, ఆమె పుస్తకాల కోసం పొయ్యి సిద్ధంగా ఉన్నాయి.

పరీక్ష రోజున పగడాలు తెర వెనక నిలబడింది. పక్కనే రాణి హైమావతి, ఆమె చుట్టూ అంతఃపురం ఆడవాళ్ళు.

"ఎవరు నువ్వు? ఏం చెప్పగలవు?" అన్నాడు గుండయభట్టు తెరకు అవతలి నుంచి.

"నక్షత్రాలు చూసి దారి కనుక్కోవడం చెప్తానూ. పద్యాన్ని పాడి, దాని లోపల ఏముందో విప్పి చూపిస్తానూ. పిల్లలు ప్రశ్న అడిగితే కోప్పడనూ," అంది పగడాలు.

సభ గొల్లుమంది.

"అబ్బబ్బ! చెవిలో చీమ దూరినట్టుంది ప్రభూ! ఈ మనిషి పాఠం చెబితే పిల్లలకు ఈ యాస అంటుకుంటుంది. గజ్జి కన్నా ప్రమాదం," అన్నాడు భట్టు.

"పాఠం ఎలా చెప్తానో ఒక్కసారి వినండీ," అంది పగడాలు.

"వినలేకే కదమ్మా పొమ్మంటున్నది!" అన్నాడు రాజు. సభ మళ్ళీ నవ్వింది.

తెర వెనక మాత్రం ఎవరూ నవ్వలేదు. రాణి ఆమె ముఖంలోకి చూసి, "నీ చేతిలో మా పిల్లల్ని పెట్టాలని ఉంది తల్లీ. కానీ ఇక్కడ నా మాట కూడా తెర దాటదు," అంది మెల్లగా.

పగడాలు ఇంటికొచ్చి మూట సర్దడం మొదలుపెట్టింది. చెంగమ్మ గరిటె పట్టుకుని వంటింట్లోంచి బయటికొచ్చింది.

"ఏమే, ఏడుస్తున్నావా?"

"లేదు అక్కా. ఆలోచిస్తున్నానూ. కిందటి ఏడు పడమటి దేశం రాయబారి ఎవరో వచ్చాడన్నావు కదూ? ఆయన ఎలా మాట్లాడేవాడూ?"

"నోట్లో వేడి వేడి దుంప పెట్టుకున్నట్టు మాట్లాడేవాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! అయినా సభంతా ఆహా ఓహో అని పడిపోయిందిట. ఎందుకడుగుతున్నావ్?"

పగడాలు మూట విప్పేసింది. "అక్కా, మీ మేనమామ కొడుకులు పల్లకి మోస్తారు కదూ? పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే ఆ పల్లకి రేపు ఖాళీయేనా?"

చెంగమ్మ ఒక్క క్షణం ఆమె వంక చూసింది. తర్వాత గరిటె గాల్లోకి ఎగరేసి పట్టుకుంది. "ఓసి గడుగ్గాయీ! నా పట్టుచీర కూడా ఖాళీయేనే!"

మర్నాడు కోట గుమ్మం ముందు పల్లకి దిగింది. ముందు సన్నాయి, వెనక గొడుగు, పక్కన విసనకర్రతో చెంగమ్మ. లోపల పట్టుచీరలో పగడాలు. కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు.

"ఎక్కడి నుంచి వేంచేశారు?"

"సముద్రం అవతలి నుంచీ," అంది పగడాలు. అది నిజమే.

"ఎవరు పంపగా వచ్చారు?"

"అంత గొప్పవారిని గుమ్మంలో నిలబెట్టి ఇన్నేసి ప్రశ్నలా? మీ రాజుగారికి తెలిస్తే నీ తలపాగా ఉంటుందా?" అని కసిరింది చెంగమ్మ.

కాపలావాడు తలపాగా సర్దుకుని తలుపులు బార్లా తెరిచాడు. సభలోకి ఆడమనిషి తెర లేకుండా నడిచి వస్తుంటే రాజు భట్టు వంక చూశాడు. భట్టు కంగారు పడలేదు. "పల్లకిలో వచ్చిన పరదేశులకు మన కట్టుబాట్లు వర్తించవు ప్రభూ. శాస్త్రంలోనే ఉంది," అన్నాడు. ఏ శాస్త్రమో ఎవరూ అడగలేదు.

"తమరి విద్యావిశేషాలు సెలవియ్యండి," అన్నాడు రాజు.

పగడాలు ముందురోజు మాటలే మళ్ళీ అంది. "నక్షత్రాలు చూసి దారి కనుక్కోవడం చెప్తానూ. పద్యాన్ని పాడి, దాని లోపల ఏముందో విప్పి చూపిస్తానూ. పిల్లలు ప్రశ్న అడిగితే కోప్పడనూ."

"ఆహా! చెవిలో తేనె పోసినట్టుంది!" అన్నాడు భట్టు, కళ్ళు మూసుకుని. "ఆ చివర సాగదీయడం చూశారా ప్రభూ? దాన్లో సముద్రమంత నిండుదనం!"

తెర వెనక రాణి హైమావతి కొంగు నోట్లో కుక్కుకుంది. ముఖం చూసిన అంతఃపురం ఆడవాళ్ళంతా పగడాలును ఇట్టే గుర్తుపట్టారు. ఒక్కరూ పెదవి విప్పలేదు. తెరకు ఇవతల ఉన్నవాళ్ళకు ఏమీ కనబడదు గానీ, వెనక కూర్చున్నవాళ్ళకు సభంతా కనబడుతుంది.

పగడాలు రాజుగారికి ఒక పద్యం పాడి వినిపించి, తాంబూలం పుచ్చుకుని, ఇచ్చిన కానుకలు మళ్ళీ వచ్చినప్పుడు తీసుకుంటానని చెప్పి వెళ్ళిపోయింది.

ఇక చూడాలి చంద్రగట్టు సంబరం! మర్నాటి నుంచి మంత్రి "చిత్తం ప్రభూఊ" అనడం మొదలుపెట్టాడు. సేనాపతి సైన్యాన్ని "కదలండీఈ" అంటే సైనికులు ఆ మాట పూర్తయ్యేదాకా కాలెత్తి నిలబడలేక పడిపోయారు. వంటవాడు "పప్పూ", "పులుసూ" అంటూ వడ్డించాడు. రాజుగారు అద్దం ముందు నిలబడి తన బిరుదులన్నీ సాగదీసి సాధన చేశారు. గుండయభట్టు అయితే ఇంటి అరుగు మీద బడే తెరిచి, పెద్దింటి మగపిల్లలకు పల్లకి యాస నేర్పడం మొదలుపెట్టాడు.

దసరా దగ్గరపడింది. బడికి పంతులమ్మ ఇంకా దొరకలేదు. రాణి కబురు పెట్టించి, మళ్ళీ ఒకసారి పరీక్ష జరిపించింది. రేపో మాపో కోట దాటాల్సిన పగడాలు, మామూలు నూలుచీర కట్టుకుని మళ్ళీ తెర వెనక నిలబడింది.

"ముత్యాలదీవి నుంచి వచ్చిన పగడాలు. మొగుడు లేడు, సిఫారసు లేదు," అని చాటాడు భటుడు.

పగడాలు ఆ మాటలే మూడోసారి చెప్పింది. నక్షత్రాలూ, పద్యమూ, ప్రశ్నలూ.

భట్టు చెవులు మూసుకున్నాడు. "మళ్ళీ నువ్వేనాఆ? వద్దూఊ! పరదేశి యాస మా కొలువులో పనికిరాదూఊ!"

రాజు కూడా అందుకున్నాడు. "అవునూఊ! ఆ సాగదీతకు మా చెవులు చిల్లులు పడుతున్నాయీఈ!"

ఎవరు ఎవర్ని తిడుతున్నారో సభలో ఎవరికీ అంతు పట్టలేదు. అంతలో తెర వెనక నుంచి రాణి నవ్వు పగలబడి వచ్చింది. వెంటనే రాణి చేయి తెరను పర్రున చినిగేలా లాగేసింది.

అవతల పగడాలు నిలబడి ఉంది. పట్టుచీర లేదు. ముఖం మాత్రం అదే.

"తమరాఆ!" అన్నాడు భట్టు. నోరు మూయడం మరిచిపోయాడు.

రాజు సింహాసనం మీంచి లేచాడు. "మమ్మల్ని మోసం చేస్తావా?" కోపంలో సాగదీయడం మరిచిపోయాడు పాపం.

"నేను ఒక్క అబద్ధమూ ఆడలేదు ప్రభూ. ఎక్కడి నుంచి వచ్చావంటే సముద్రం అవతలి నుంచి అన్నానూ. మూడుసార్లూ ఒకే మాటలు చెప్పానూ, ఒకే గొంతుతో చెప్పానూ. మధ్యలో మారింది పల్లకి ఒక్కటే. పిల్లలకు నా యాస అంటుకుంటుందని భయపడ్డారు కదా! నాకు పని ఇవ్వకుండానే అది కొలువంతటికీ అంటుకుందీ. ఏం, ఎవరికైనా ప్రాణం పోయిందా?"

రాజు మంత్రిని చూశాడు, సేనాపతిని చూశాడు, భట్టును చూశాడు. ఎక్కడో కడుపులో మొదలైన నవ్వు కిరీటం దాకా పాకింది. కిరీటం ఊగేలా, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"గెలిచావమ్మా! బడి నీదే. నీ జీతం పండితులతో సమానం. కోటలో ఇల్లు ఇస్తాం. నీ వాళ్ళతో వచ్చి ఉండు. ఈ పూటతో నాలుక పరీక్ష రద్దు!"

భట్టు ముఖం పాలిపోయింది. "మరి నా గతేమిటీఈ ప్రభూఊ? నాఆకు వేఏరే పని రాఆదూఊ!"

పగడాలు ఆయన దగ్గరికి వెళ్ళింది. "పంతులుగారూ, మా దీవిలో మాట చివర ఒక్కటే సాగదీస్తారూ. మీరు అడుగడుగునా సాగదీస్తున్నారూ. నోరు తెరవగానే పరదేశి అని పట్టేస్తారూ. ఈ యాసకు మా దీవిలో మీకు గుర్రానికి గడ్డి వేసే పని కూడా ఇవ్వరూ."

భట్టు తల వంచుకున్నాడు.

"నేనిస్తానూ," అంది పగడాలు. "పద్యాలు బాగా చెప్తారట కదా! రేపు పొద్దున్నే బడికి రండీ."

మర్నాడు భట్టు వచ్చేసరికి పిల్లలు అప్పటికే కూర్చుని ఉన్నారు. వాళ్ళ కింద మెత్తగా, మందంగా ఓ కొత్త పరుపు ఉంది. సభలో తెర చినిగింది కదా, రాణిగారు దాన్నే ఇలా పరుపుగా కుట్టించారు.