వీరాస్వామి పరువు

గుడివాడలో రైలు పట్టాల పక్క పేటలో తిరపతమ్మ అనే ఆవిడ ఉండేది. మొగుడు ఏ తప్పు చేసినా కొంగు చాటున దాచడమే కాపురం అనుకునేది.

ఒక ఎండాకాలం కుళాయి దగ్గర వంతు కోసం గొడవపడి, ఆమె ఇత్తడి బిందెతో పక్కింటి రత్నమేరిని కొట్టింది. రత్నమేరి కుడిచెయ్యి విరిగింది. మళ్లీ సరిగ్గా అతకలేదు. మొదటి తప్పు కదా అని మెజిస్ట్రేటు తిరపతమ్మను జైలుకు పంపలేదు. ఏడాదిలోగా రత్నమేరికి ఇరవై వేలు నష్టపరిహారం కోర్టులో కట్టమన్నాడు. కట్టకపోతే పిలిపించి శిక్ష వేస్తానన్నాడు.

తిరపతమ్మ తెల్లారకముందే లేచి ఇడ్లీలు వేసి అమ్మేది. నెలనెలా కొంత డబ్బు మొగుడు వీరాస్వామి చేతిలో పెట్టేది.

"ఆడదానివి నువ్వు కోర్టు మెట్లెక్కుతుంటే నా తల ఎక్కడ పెట్టుకోను? నేను కట్టొస్తాలే" అనేవాడు వీరాస్వామి.

రసీదు అడగాలని ఆమెకు తోచలేదు. మొగుణ్ణి రసీదు అడిగిన ఇల్లాలు ఆ పేటలో ఇంతవరకూ పుట్టలేదు. ఆమె నడవడి కనిపెట్టి చూడమని కోర్టు పెట్టిన ప్రొబేషన్ ఆఫీసరు వస్తే వీరాస్వామే గుమ్మంలోకి ఎదురెళ్లి, నాలుగు తీపి మాటలు చెప్పి పంపేసేవాడు.

ఏడాది తిరగగానే కోర్టు నుంచి పిలుపు వచ్చింది.

"ఒక్క రూపాయి కూడా జమ కాలేదు. ఎందుకు కట్టలేదు?" అని మెజిస్ట్రేటు అడిగాడు.

తిరపతమ్మ వెనక్కి తిరిగి చూసింది. తలుపు దగ్గర వీరాస్వామి నేల చూపులు చూస్తున్నాడు. ఆమెకు అంతా అర్థమైంది.

అప్పుడు రత్నమేరి లేచి నిలబడింది. ఆమె కుడిచెయ్యి ఇంకా వంగడం లేదు.

"అయ్యా, నాకు డబ్బు అందని మాట నిజమే. కానీ ఈవిడ తినలేదు. ఈవిడ పొయ్యి పొగ రోజూ తెల్లారకుండానే మా ఇంట్లోకి వస్తుంది. ఆ కష్టమంతా మొగుడు పేకాటలో తగలేశాడు. నోరు విప్పవే తిరపతమ్మా! నామీద బిందె ఎత్తిన చేతికి, వాడిమీద వేలెత్తే బలం లేదా?"

"ఆవిడ చెప్పింది నిజమేనా? నిజమైతే ఇంకో గడువు ఇస్తాను" అన్నాడు మెజిస్ట్రేటు.

వీరాస్వామి రెండు చేతులూ జోడించి భార్యవైపు చూశాడు. పెళ్లయ్యాక అతను ఆమెకు దణ్ణం పెట్టడం అదే మొదలు.

"అబద్ధమయ్యా. నామీద కక్షతో మా ఆయన్ని ఆడిపోసుకుంటోంది. డబ్బు నేనే వాడేసుకున్నాను" అంది తిరపతమ్మ.

మెజిస్ట్రేటు ఆరు నెలల జైలుశిక్ష వేశాడు.

పోలీసమ్మ బయటికి తీసుకెళ్తుంటే రత్నమేరి అడ్డం వచ్చింది. "ఎందుకే అలా అన్నావు?"

"ఇంటి గుట్టు రచ్చకెక్కితే ఇంకేం మిగులుతుంది?"

"ఇప్పుడేం మిగిలింది?"

తిరపతమ్మ తలొంచుకుని పోలీసు బండెక్కింది. బండి కదిలింది. తన కోసం మొగుడు వస్తాడేమోనని కమ్మీల్లోంచి చూసింది. అతను రాలేదు.

ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర వీరాస్వామి నలుగురినీ కూర్చోబెట్టుకుని నిట్టూర్చాడు. "నెలనెలా చెబుతూనే ఉన్నా, కట్టవే అని. ఆడది మాట వింటేగా! నా పరువు తీసింది."

నీతి: తనను ముంచినవాడి పరువు కాపాడటానికి, తన కోసం నిజం చెప్పిన మనిషిని అబద్ధాలకోరును చేస్తే, చివరికి దక్కేది వాడి శిక్షే గాని వాడి పరువులో వాటా కాదు.