కదురుకొండ అమ్మవారికి నూలు సమర్పణ

కదురుకొండ మెట్లెక్కే భక్తులకు ముందుగా రాట్నం చప్పుడు వినిపిస్తుంది. గర్భాలయంలో అమ్మవారు నిలువెత్తు రాతి రూపంలో, నేత చీర కట్టుకొని దర్శనమిస్తుంది. ఎదురుగా ఉన్న రాట్నం దగ్గర ప్రతి భక్తుడూ కూర్చుని చేయి చాచినంత పోగు వడికి లేస్తాడు. అంతకు మించి వడకనివ్వరు. ఎందుకో ఇక్కడి వారు ఇలా చెబుతారు.

పూర్వం ఈ కొండ కింద ఎర్నమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఆమెకు లేక లేక పుట్టిన కూతురు పోలి. ఒక వానాకాలంలో విషజ్వరం వచ్చి తగ్గింది గాని, పిల్ల కాళ్ళు చచ్చుబడిపోయాయి. వైద్యుడు పెదవి విరిచాడు. ఎర్నమ్మకు లోకం చీకటైపోయింది.

ఒక మధ్యాహ్నం రాట్నం పక్కనే ఆమెకు కునుకు పట్టగా, కొండమీది అమ్మవారి రాయి కలలో మాట్లాడింది. "ఎండకీ వానకీ గుడ్డ లేక నిలబడ్డాను. రోజుకో కదురు నూలు వడికి నా పండక్కి నాకు చీర కట్టు. నీ పిల్ల నడుస్తాది" అన్నది.

ఎర్నమ్మ వడకడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకే పోలి కాలి వేళ్ళు కదిలాయి! తల్లి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. ఇంతలో కోతలు వచ్చాయి. ఈ పూట కాకపోతే రేపు అనుకుంటూ ఆమె రాట్నాన్ని మూలకు నెట్టింది. పండుగ ఇంక నెల్లాళ్ళే ఉందనగా గుండె గుభేలుమని, ఒక్క బిగిన కూర్చుని బుట్టెడు నూలు వడికేసింది. నేతగాడు అప్పలసూరి ఆ నూలు మగ్గానికెక్కించి పోగును అటూ ఇటూ నడిపే నాడె విసిరితే పోగులు పటపటా తెగాయి.

"ఒకకాడ లావు, ఒకకాడ సన్నం. ఇది వడికినావా, పీకినావా ఎర్నమ్మా?" అని అతడు నూలంతా తిప్పి ఇచ్చేశాడు.

ఇంటికి వచ్చి చూస్తే పోలి వేళ్ళు మళ్ళీ కదలడం లేదు. ఎర్నమ్మ గుండెలు బాదుకొని ఏడ్చి, ఏడ్చిన చోటే సోలిపోయింది. కలలో అమ్మ నవ్వుతోంది. "ఒక్కనాటితో నన్ను వదిలించుకుందామనుకున్నావేటే?"

ఆ మాట ఆమెకు చురుక్కున తగిలింది. లేచి, మొదటి కదురు నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. పొయ్యి మీద గంజి పొంగినా, వాకిట్లో చుట్టాలు నిలబడినా, ఆనాటి కదురు నిండాకే లేచేది. ఒక రోజు పోలి వేళ్ళు కదిలాయి. మరో రోజు మోకాలు ముడిచింది. ఇంకొన్నాళ్ళకు గోడకానుకొని కూర్చుని, తల్లికి దూది ఏకులు అందించసాగింది.

పండుగ రానే వచ్చింది. ఉన్న నూలుతో అప్పలసూరి నేసి ఇచ్చింది కండువా పాటి గుడ్డ. నిలువెత్తు రాయికి అదేం సరిపోతుంది? ఎర్నమ్మ సిగ్గుతో చితికిపోతూ, పిల్లను చంకనేసుకొని కొండెక్కింది. పోలిని రాయి పక్కన కూర్చోబెట్టి, "ఇంతే అయినాది తల్లీ, రేపూ వడుకుతాను" అంటూ గుడ్డ చుట్టబోయింది.

గుడ్డ రాయి చుట్టూ తిరిగింది. మళ్ళీ తిరిగింది. పాదాల దాకా దిగింది, కుచ్చిళ్ళు పోసింది. ఎర్నమ్మ ఇంకా మిగిలిన కొంగు ఎక్కడిదాకా ఉందోనని తిరిగి చూసింది. ఆ కొంగు పట్టుకొని పోలి తన కాళ్ళ మీద నిలబడి ఉంది.

ఎర్నమ్మ అక్కడే సాగిలపడింది.

నేటికీ భక్తులు వడికిన నూలుతోనే ఏటా అమ్మవారికి చీర నేస్తారు. ఒకరి పోగు చివర మరొకరు అతికి వడుకుతారు. జబ్బుపడిన బిడ్డలను తెచ్చిన తల్లులు కొండ కింద సత్రంలో ఉండి, రోజూ వచ్చి ఒక్కో పోగు తీస్తారు. వారి బిడ్డలను అమ్మ చల్లగా చూస్తుందని అందరి నమ్మకం. పూజారమ్మలు పోలి వంశం వారే. ఎవరైనా ఆత్రంకొద్దీ రెండో పోగు తీయబోతే, పూజారమ్మ మెల్లగా రాట్నం ఆపి నవ్వుతుంది.

"ఒక్కనాటితో అమ్మని వదిలించుకుందామనుకున్నారేటి? రేపు రండి."