రవూఫ్ గారి స్టూలు

హిమజకు ఆ పీజీ సీటు ఇష్టపడితే వచ్చింది కాదు. పిల్లల డాక్టరు కావాలనుకుంది. ర్యాంకు కలిసిరాక ఫోరెన్సిక్ మెడిసిన్ దొరికింది. చేరిన నాటినుంచి చుట్టాల్లో ఆమె పేరు "శవాల డాక్టరమ్మ". సొంత పిన్ని అయితే ఆమె చేత్తో ఇచ్చిన కాఫీ కూడా తాగలేదు.

ఒకరోజు పొద్దున్నే గురువుగారి గదిలోకి వెళ్లి నిలబడింది. ప్రొఫెసర్ రవూఫ్ గారు రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. మాటలు తక్కువ, టీలు ఎక్కువ.

"సీటు వదిలేద్దామనుకుంటున్నాను సార్."

"ఎందుకమ్మా?"

"నాతో చదివినవాళ్లు రోజూ ఎవరో ఒకరిని బాగుచేసి ఇంటికి పంపుతున్నారు. మన దగ్గరికి వచ్చేసరికి అంతా అయిపోయే ఉంటుంది. మన పేషెంట్లలో ఒక్కరైనా లేచి కూర్చున్నారా సార్?"

రవూఫ్ గారు నొచ్చుకోలేదు. "కేసు వచ్చింది, పద. తర్వాత మాట్లాడదాం" అన్నారు.

చనిపోయినవాడు మద్దిలేటి అనే తాపీమేస్త్రి. భార్య సుంకమ్మ గట్టున ఏరుకొచ్చి వండిన పుట్టగొడుగుల కూర తిని, చెయ్యి కడగకముందే కూలిపోయాడు. విషం కూరేనని ఊరంతా తేల్చేసింది. కావాలనే పెట్టిందని మరిది పోలీసుల ముందే అరిచాడు. సుంకమ్మ ఎదురు చెప్పలేదు. ఆమె కూడా కూరనే నమ్మింది. మార్చురీ బయట నేలమీద ముడుచుకుని పడుకుని, "నా చేత్తోనే పెడితిని" అని ఒకటే మాట. పచ్చి మంచినీళ్లు ముట్టలేదు.

లోపల కోసింది హిమజే. గుండె చుట్టూ ఉండే సంచి తెరిస్తే నిండా గడ్డకట్టిన నెత్తురు. గుండె గోడ ఒకచోట చిట్లింది. కొన్నాళ్ల కిందటే గుండెపోటు వచ్చి అక్కడి కండ చచ్చిపోయి మెత్తబడింది. పాపం, గ్యాసు నొప్పి అనుకుని పనికి పోయి ఉంటాడు.

"కూరతో సంబంధం లేదు సార్."

"ఖాయమేనా?"

ఆమె ఇంకోసారి వంగి చూసింది. "ఖాయం సార్."

"కడుపులోవి ల్యాబుకు పంపడం ఎలాగూ తప్పదు, పంపుదాం. ఎస్సైకి నేను చెబుతాను."

రవూఫ్ గారికో అలవాటు ఉంది. పోస్టుమార్టం అయ్యాక మూలనున్న పొట్టి చెక్క స్టూలు చంకన పెట్టుకుని బయటికి వెళ్తారు. చనిపోయినవాళ్ల మనుషుల ఎదురుగా కూర్చుని మాట్లాడి వస్తారు. రిపోర్టు పోలీసులకిస్తే సరిపోయేదానికి ఈ పెద్దాయన చాదస్తమేమిటో అనుకునేది హిమజ. ఆయన వచ్చేదాకా లోపలే ఉండి, కడిగిన చేతులే మళ్లీ కడుక్కునేది.

ఎస్సైతో మాట్లాడి వచ్చి, ఆయన ఆ స్టూలు తీసి ఆమె చేతిలో పెట్టారు.

"నేనా సార్? ఏం చెప్పాలి?"

"చూసింది చెప్పు. కూర్చుని చెప్పు."

హిమజ స్టూలు వేసుకుని సుంకమ్మ తల దగ్గర కూర్చుంది. గుండె సంగతి తెలిసిన మాటల్లో చెప్పింది. మరిది కూడా వచ్చి విన్నాడు.

సుంకమ్మ కళ్లు తెరిచింది. "కూరతో కాదా తల్లీ?"

"కాదమ్మా. మీరు ఆ కూర వండకపోయినా ఆయన దక్కేవారు కాదు."

"అట్లనే రాస్తావా, కాయితంలో?"

"నేనే రాస్తాను."

సుంకమ్మ చెయ్యి నేలకు ఆనించి లేచింది. గోడకు చేరగిలబడి, అప్పుడు ఏడ్చింది, గొంతెత్తి, మొగుణ్ని పేరుపెట్టి పిలుస్తూ. మరిది ఆమె పక్కనే చతికిలబడి, "తప్పయిపాయ వదినా" అన్నాడు. ఏడుపు కాస్త నెమ్మదించాక ఆమె హిమజ వైపు చూసింది.

"రోంత నీళ్లియ్యమ్మా."

హిమజ తన సీసా మూత తీసి ఇచ్చింది. సుంకమ్మ రెండు చేతులతో అందుకుని గడగడా తాగేసింది. ఆ తాగడం చూస్తుంటే హిమజకు ఎన్నాళ్ల బరువో దిగినట్టయింది.

లోపలికి వచ్చేసరికి రవూఫ్ గారు టీ తాగుతున్నారు.

"లేచి కూర్చుందా?" అని అడిగారు.

హిమజ తలూపింది. స్టూలు కోసం ఆయన చెయ్యి చాపారు. ఆమె ఇవ్వలేదు. తీసుకెళ్లి తన బల్ల పక్కన పెట్టుకుంది.