ఊదుగొట్టానికి రెండు కొసలు

కొండవలస దొరగారికి ఒక యాంప్లిఫయరు ఉంది. ఆయన బావమరిదికీ ఒకటి ఉంది. దివాణం మొత్తానికి స్పీకర్లు మాత్రం ఒక్క జతే. ఎవరి యాంప్లిఫయరును తగిలించాలో తేలక, ఒకనాడు మైకుసెట్టు అప్పలసూరిని పిలిపించారు.

"రెండూ ఒకేసారి తగిలించు. పాట ఎంత జోరుగా వస్తుందో చూడాలి," అన్నాడు దొర.

"ఒకదాని కరెంటు రెండోదాంట్లోకి ఎక్కి రెండూ మాడిపోతాయి బాబూ."

"మాడితే నీ తోలు తీస్తాను. తగిలించకపోయినా తీస్తాను."

అప్పలసూరి తల గోక్కుని, వంటింట్లోంచి ఊదుగొట్టం తెచ్చాడు.

"చిత్తం. ముందు ఈ కొసన మీరు, ఆ కొసన బావమరిదిగారు ఒకేసారి ఊదండి. ఇద్దరి ఊపిరీ కలిస్తే గాలి ఎంత జోరుగా వస్తుందో నాకూ చూడాలనుంది."

ఇద్దరికీ సరదా పుట్టింది. ఒకరికొకరు తీసిపోకుండా బుగ్గలు పూరించి ఊదారు. గొట్టంలోని బూడిద ఒకసారి దొర నోట్లోకి, ఒకసారి బావమరిది ముక్కుల్లోకి ఎగదన్నింది.

దగ్గు ఆగాక దొర, "మరేం చెయ్యాలిరా?" అన్నాడు.

అప్పలసూరి యాంప్లిఫయర్లకూ స్పీకర్లకూ మధ్యలో ఒక మీట బిగించాడు. "ఇటు తిప్పితే మీది, అటు తిప్పితే వారిది. ఒకటి పాడుతుంటే రెండోది స్పీకర్ల జోలికి రాదు."

"మీట ఎవరి చేతిలో ఉండాలి?" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"మొహాన బూడిద లేనివాళ్ళ చేతిలో ఉండాలి బాబూ."

బావాబావమరుదులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆనాటి నుంచీ పాట వినాలంటే దొరగారైనా సరే, అప్పలసూరి వచ్చేదాకా ఆగాల్సిందే.