మేదరవీధి మేడలు

వెదురు విరివిగా పెరిగే ఒకానొక కొండరాజ్యాన్ని రణధీరవర్మ అనే రాజు ఏలుతుండేవాడు. మంచివాడే. కాకపోతే తన కళ్ళు చూసిందే వేదమనుకునేవాడు. దేవుడు మంచి రాజునిచ్చినా ఇలాంటి తిరకాసేదో ఒకటి పెట్టే ఇస్తాడు కదా!

ఒకసారి ఆయన ఏనుగెక్కి మేదరవీధిలో ఊరేగాడు. రాజు తమ వీధికి రావడం అదే మొదలు. ఆ కబురు ముందే తెలిసి, బుట్టలల్లుకు బతికే ఆ మేదర్లు సంతోషం పట్టలేకపోయారు. పూరిపాకల ముందు అంబారీని మించిన ఎత్తున తడికలు కట్టి, మట్టి మెత్తి, సున్నం కొట్టి, జాజుతో కిటికీలు దిద్దారు. వాకిళ్ళలో ముగ్గులు పెట్టారు. ఏనుగు మీంచి చూసేవాడికి వీధి పొడవునా మేడలే.

"ఆహా! వీళ్ళింత కలవారా! మేడపన్ను వెయ్యండి" అన్నాడు రాజు.

మేదర్ల గుండెల్లో రాయి పడింది. ఏడాదంతా బుట్టలమ్మినా ఆ పన్ను తీరదు. తీరకపోతే ఇల్లు జప్తు. వీధి తరఫున ముసలి ఎర్రమ్మ కొలువుకెళ్ళి మొర పెట్టుకుంది.

"అయ్యా, అవి మేడలు కావు బాబూ, పూరిపాకలు."

"నేను స్వయంగా చూశాను. నా కళ్ళు అబద్ధమాడాయంటావా?" అని రాజు గుడ్లురిమాడు.

అవునంటే తల పోతుంది, కాదంటే ఇల్లు పోతుంది. పాపం, ఎర్రమ్మ దణ్ణం పెట్టి వచ్చేసింది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ అదే ప్రశ్న. కళ్ళొత్తుకుంటూ తిరిగొస్తున్న ఆమెను ఆస్థాన విదూషకుడు కొమ్మన కోట వాకిట్లో ఆపాడు.

"అవ్వా, రాజుగారి కళ్ళతో మనకు పేచీ ఎందుకు? వాటి సంగతి నాకొదిలెయ్. ఆ తడికలు మాత్రం విప్పనీకు."

అంతలో రాజుగారి మామగారు అల్లుడి వైభవం చూడడానికి పరివారంతో వస్తున్నారని కబురొచ్చింది. విడిదిమందిరం చాలదు.

"ప్రభూ, తమరు కళ్ళారా చూసిన మేడలుండగా లోటేమిటి? మన రాజ్యంలో బుట్టలల్లేవాళ్ళు కూడా మేడల్లో ఉంటారని మామగారికి తెలియొద్దూ?" అన్నాడు కొమ్మన.

రాజు మీసం దువ్వి, మామగారిని తానే వెంటబెట్టుకెళ్ళాడు.

మామగారు ఏనుగు దిగి, దర్జాగా ఎర్రమ్మ గడప దాటారు. చూరు తగిలి తలపాగా ఊడి మేకపిల్ల ముందు పడింది. అది తీరిగ్గా నమలసాగింది. లోపల ఉన్నది ఒకే ఒక్క గది. కప్పు చిల్లుల్లోంచి ఆకాశం కనబడుతోంది.

"అల్లుడుగారూ, మేడ ఎక్కడండీ?" అన్నారు మామగారు.

రాజు ముఖం కందగడ్డయింది. "కొమ్మనా! ఏమిటిది?"

"ప్రభువుల కళ్ళు తప్పు చూడవు. తప్పంతా ఏనుగుది. ఆనాడు తమరిని ఒక్కసారైనా దిగనిచ్చిందా?" అన్నాడు కొమ్మన వినయంగా.

మామగారే ముందు పకపకా నవ్వారు. ఆపైన రాజూ ఆపుకోలేకపోయాడు.

"అయితే శిక్ష కూడా ఏనుగుకే! పన్ను రద్దు. ఈ వీధి కప్పులన్నిటికీ తాటాకులు అదే మొయ్యాలి. ఇకమీదట ఇంటిపన్ను వేసేవాడు గడప దాటి చూసే వెయ్యాలి" అని తన ముత్యాలహారం తీసి కొమ్మన మెడలో వేశాడు.

రాజు వెళ్ళబోతుంటే ఎర్రమ్మ భయంభయంగా అడిగింది: "బాబూ, మళ్ళీ తమరొస్తే ముగ్గెయ్యమంటారా, వద్దంటారా?"

"వెయ్యి అవ్వా, ముగ్గుకు పన్ను లేదు. ఈసారి నడిచే వస్తాను" అన్నాడు రాజు నవ్వుతూ.